డోర్నకల్ జంక్షన్: ఒక చిన్న రైల్వే ఊరి చరిత్ర, భూగోళం



విజయవాడ నుంచి వరంగల్ వైపు పగటిపూట రైల్లో ఎప్పుడైనా ప్రయాణం చేశారా? ఖమ్మం దాటిన కొద్దిసేపటికే పట్టాలు ఉన్నట్టుండి రెండు, నాలుగు, ఆరు వరుసలుగా విడిపోతాయి. ఒక పక్క గూడ్సు బండి ఆగి ఉంటుంది. పాత రైల్వే క్వార్టర్లు, నీళ్ళ ట్యాంకు, పసుపుపచ్చ బోర్డు మీద నల్ల అక్షరాలతో 'డోర్నకల్ జంక్షన్' అన్న పేరు కనిపిస్తాయి. మీరు ఎక్కింది వేగంగా వెళ్ళే ఎక్స్‌ప్రెస్ అయితే, బోర్డు చదవడం పూర్తయ్యేలోపే ఊరు వెనక్కి వెళ్ళిపోతుంది.

ఇంత చిన్న ఊరికి ఇంత పెద్ద యార్డు ఎందుకు? ఇక్కడ రేవు లేదు, రాజధాని లేదు, పెద్ద కర్మాగారమూ లేదు. మరి రైలు మార్గం ఇక్కడే ఎందుకు చీలింది? ఈ పాఠంలో ఈ ఒక్క ప్రశ్నకు జవాబు వెతుకుదాం. అందుకోసం మనం నేల పైభాగాన్ని, నేల లోపలి పొరలను, పాత ఒప్పందాలను, మనుషుల కదలికలను వరుసగా చూడాలి. ఒక ఊరిని ఇలా చదవడం నేర్చుకుంటే, మీ సొంత ఊరిని కూడా ఇదే పద్ధతిలో చదవగలుగుతారు.

నేల వాలు ఏం చెబుతుంది?

ముందుగా పటం తెరవండి. డోర్నకల్ తెలంగాణలో మహబూబాబాద్ జిల్లాలో ఉంది. 2016 వరకు ఇది వరంగల్ జిల్లాలో ఉండేది. జిల్లాల పునర్విభజన తరువాత మహబూబాబాద్ జిల్లాలోకి వచ్చింది. దక్షిణాన కొద్ది దూరంలో ఖమ్మం జిల్లా, ఈశాన్యాన ఇల్లందు ఉన్న భద్రాద్రి కొత్తగూడెం జిల్లా ఉన్నాయి. అంటే మూడు జిల్లాల అంచులు దగ్గరకు వచ్చే చోట ఈ ఊరు ఉంది.

ఇప్పుడు నేల ఎత్తును గమనించండి. వరంగల్ సముద్రమట్టానికి సుమారు 270 మీటర్ల ఎత్తున ఉంది. విజయవాడ సుమారు 20 మీటర్ల ఎత్తున ఉంది. రెండింటి మధ్య రైలు దూరం దాదాపు 200 కిలోమీటర్లు. అంటే 200 కిలోమీటర్లలో 250 మీటర్లు దిగాలి. సగటున ప్రతి 800 మీటర్ల దూరానికి ఒక మీటరు వాలు అన్నమాట.

ఈ లెక్క ఎందుకు ముఖ్యం? ఉక్కు చక్రం ఉక్కు పట్టా మీద దొర్లేటప్పుడు రాపిడి చాలా తక్కువ. అందువల్లనే ఒక్క ఇంజను వందల టన్నుల బరువును లాగగలుగుతుంది. కానీ ఆ తక్కువ రాపిడే ఎత్తు ఎక్కేటప్పుడు ఇబ్బంది అవుతుంది, చక్రాలు పట్టు తప్పి జారిపోతాయి. రోడ్డు మీద ఎడ్లబండి సులభంగా ఎక్కే గట్టును రైలు ఎక్కలేదు. కాబట్టి రైలు మార్గం వేసే ఇంజనీరు కొండలను తప్పించుకుని, నదులు దిగే వాలు వెంబడి దారి వెతుకుతాడు. ఈ ప్రాంతపు వాన నీరు ఆకేరు, మున్నేరుల్లో చేరుతుంది. ఆ రెండూ ఖమ్మం దగ్గరి తీర్థాల వద్ద కలుస్తాయి, మున్నేరు చివరికి కృష్ణానదిలో పడుతుంది. నీళ్ళు దిగిన దిక్కునే రైలు పట్టాలు కూడా దిగాయి.

వాలు ఇలా ఉండడం వల్ల దక్కను పీఠభూమి నుంచి కృష్ణా తీరానికి రైలు మార్గం ఈ ప్రాంతం మీదుగా రావడం సులువైంది. అయితే ఇంతవరకు మనకు దారి గురించే తెలిసింది. ఆ దారి డోర్నకల్ దగ్గర ఎందుకు చీలిందో ఇంకా తెలియలేదు. దానికి నేల కిందికి దిగాలి.

నేల కింద ఏముంది?

డోర్నకల్‌కు ఈశాన్యంగా సుమారు పాతిక కిలోమీటర్ల దూరంలో ఇల్లందు ఉంది. అక్కడి నేలలో బొగ్గు పొరలు ఉన్నాయి.

సుమారు 25 నుంచి 30 కోట్ల సంవత్సరాల కిందట భారతదేశం, ఆఫ్రికా, దక్షిణ అమెరికా, ఆస్ట్రేలియా, అంటార్కిటికా కలిసి ఒకే మహాఖండంగా ఉండేవి. దాన్ని శాస్త్రజ్ఞులు గోండ్వానా అంటారు. ఆ కాలంలో ఇప్పటి ప్రాణహిత, గోదావరి నదుల వెంబడి నేల కుంగి పొడవాటి పల్లంగా మారింది. ఆ పల్లంలోని చిత్తడి నేలల్లో గ్లోసోప్టెరిస్ వంటి మొక్కలు దట్టంగా పెరిగాయి. అవి చచ్చి నీళ్ళలో పడి, వాటి మీద ఇసుక, మట్టి పొరలు పొరలుగా పేరుకున్నాయి. గాలి తగలక అవి పూర్తిగా కుళ్ళిపోలేదు. పైనుంచి బరువు, లోపలి నుంచి వేడి పనిచేయగా కోట్ల సంవత్సరాల తరువాత అవి బొగ్గుగా మారాయి. ఈ బొగ్గు నిల్వలు తెలంగాణలో గోదావరి లోయ వెంట సుమారు 350 కిలోమీటర్ల పొడవున విస్తరించి ఉన్నాయి.

ఇక్కడ బొగ్గు ఎలా బయటపడిందనే విషయంలో ఒక కథ ప్రచారంలో ఉంది. భద్రాచలం రాముని దర్శనానికి కాలినడకన వెళ్తున్న యాత్రికులు వంటకోసం నల్లరాళ్ళతో పొయ్యి పెట్టుకున్నారట. కాసేపటికి పొయ్యిరాళ్ళే అంటుకున్నాయట. కథ సంగతి అలా ఉంచితే, దస్తావేజుల ప్రకారం 1871లో భారత భూవిజ్ఞాన సర్వేకు చెందిన డాక్టర్ విలియం కింగ్ ఇల్లందు ప్రాంతంలో బొగ్గు ఉన్నట్లు గుర్తించారు. సమీపంలోని సింగరేణి గ్రామం పేరే ఈ బొగ్గుకు స్థిరపడింది. ఈ రోజు ఏ మూల బొగ్గు తవ్వినా మనం 'సింగరేణి' అనే అంటున్నాం. ఒక పల్లె పేరు ఇలా ఒక పరిశ్రమ పేరుగా మారింది.

దక్షిణ భారతదేశంలో లిగ్నైటును మినహాయిస్తే బొగ్గు దొరికేది ఈ గోదావరి లోయలోనే. ఆనాడు రైళ్ళు నడిచేది బొగ్గుతోనే. రైలు మార్గానికి పాతిక కిలోమీటర్ల దూరంలో రైలు ఇంధనమే దొరికింది. ఇక పట్టాలు అటువైపు మళ్ళకుండా ఉంటాయా?

పట్టాలు ఎవరి డబ్బుతో పడ్డాయి?

డోర్నకల్ అప్పటి నిజాం పాలనలోని హైదరాబాదు సంస్థానంలో ఉండేది. 1874లో వాడి నుంచి సికింద్రాబాదుకు మొదటి రైలు మార్గం వచ్చింది. ఆ మార్గంతో హైదరాబాదుకు బొంబాయి, మద్రాసు నగరాలతో రైలు సంబంధం ఏర్పడింది. తరువాతి అడుగు తూర్పు వైపు. 1886లో రైలు వరంగల్ చేరింది. 1888లో డోర్నకల్, అక్కడి నుంచి ఇల్లందు గనుల దాకా పట్టాలు పడ్డాయి. 1889లో ప్రధాన మార్గం బెజవాడ చేరింది. ఆ ఏడాదే ఇల్లందులో బొగ్గు తవ్వకం మొదలైంది. ఈ తేదీలను పక్కపక్కన పెట్టి చూడండి. గని, పట్టాలు ఒకదాని కోసం ఒకటి పుట్టాయని స్పష్టంగా తెలుస్తుంది.

ఈ మార్గం వేసిన సంస్థ పేరు 'నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే'. పేరులోని 'గ్యారంటీ' అన్న మాట దగ్గర ఒక్క క్షణం ఆగండి. ఈ కంపెనీని లండనులో ఏర్పాటు చేశారు. పెట్టుబడి పెట్టినవారికి ఏడాదికి 5 శాతం వడ్డీ వస్తుందని నిజాం ప్రభుత్వం 20 ఏళ్ళపాటు హామీ ఇచ్చింది. ఒక ఉదాహరణ తీసుకుందాం. కోటి రూపాయల పెట్టుబడికి ఏడాదికి 5 లక్షలు రావాలి. రైలు 3 లక్షలే సంపాదించిందనుకోండి. మిగిలిన 2 లక్షలు ప్రభుత్వ ఖజానా నుంచి చెల్లించాలి. ఖజానాకు డబ్బు ఎక్కడిది? రైతు కట్టిన శిస్తు నుంచి వచ్చింది. రైలు ఎప్పుడూ ఎక్కని రైతు కూడా ఈ విధంగా దాని ఖర్చు మోశాడు.

ఈ సంగతి ఆనాటి విద్యావంతులకు అర్థం కాకపోలేదు. 1883లో చాందా రైల్వే పథకం పేరుతో ఈ ఒప్పందం ముందుకు వచ్చినప్పుడు, షరతులు ప్రజలకు తెలియజేయాలని హైదరాబాదులో కొందరు గట్టిగా అడిగారు. వారిలో ముఖ్యుడు డాక్టర్ అఘోరనాథ చటోపాధ్యాయ. ఆయన విద్యావేత్త, రసాయనశాస్త్రంలో పట్టా పొందిన శాస్త్రజ్ఞుడు, సరోజినీ నాయుడు తండ్రి. ప్రశ్న అడిగినందుకు ఆయన్ను ఉద్యోగం నుంచి తప్పించి, సంస్థానం నుంచి పంపివేశారు. కొంతకాలం తరువాత ఆయన తిరిగి వచ్చారు. హైదరాబాదు సంస్థానంలో ఆధునిక ప్రజా ఉద్యమానికి ఈ ఘటనను తొలిమెట్టుగా చరిత్రకారులు చెబుతారు.

బొగ్గు వ్యవహారం కూడా ఇంతే. 1886లో గనుల హక్కులు హైదరాబాద్ దక్కన్ కంపెనీకి దక్కాయి. ఆ కంపెనీ వాటాల అమ్మకంలో అక్రమాలు జరిగాయన్న ఆరోపణలతో 1888లో బ్రిటిష్ పార్లమెంటు దిగువ సభ ప్రత్యేక సంఘాన్ని వేసి విచారణ జరిపింది. డోర్నకల్‌కు రైలు వచ్చిన ఏడాది, దాని వెనుక ఉన్న బొగ్గు ఒప్పందం లండనులో విచారణకు వచ్చిందన్నమాట. ఆ కంపెనీ స్థానంలో 1920 డిసెంబరు 23న సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడింది. 1945లో దాన్ని నిజాం ప్రభుత్వం కొనుగోలు చేసింది. నేడు అది తెలంగాణ రాష్ట్ర, కేంద్ర ప్రభుత్వాల ఉమ్మడి సంస్థ.

జంక్షన్ ఊరిని ఎలా పెంచుతుంది?

రైళ్ళు రెండు కంటే ఎక్కువ దిక్కుల నుంచి వచ్చి కలిసే స్టేషనును జంక్షన్ అంటారు. డోర్నకల్‌లో మూడు దిక్కులు కలుస్తాయి. అవి వరంగల్ దిక్కు, విజయవాడ దిక్కు, బొగ్గుగనుల దిక్కు.

జంక్షన్‌లో పని ఎక్కువ. గనుల నుంచి వచ్చిన వ్యాగన్లను విడదీయాలి. కొన్నింటిని సికింద్రాబాదు వైపు, కొన్నింటిని బెజవాడ వైపు కలిపి కొత్త బండ్లు కట్టాలి. ఇదంతా యార్డులో జరగాలి. పాయింట్లు మార్చేవారు, వ్యాగన్లు కలిపేవారు, సిగ్నళ్ళు చూసేవారు, పట్టాలు కాపాడే గ్యాంగ్‌మన్‌లు, గార్డులు, డ్రైవర్లు, ఫైర్‌మన్‌లు కావాలి.

దీనికి తోడు ఆవిరి ఇంజనుకు ఆకలీ దప్పికా ఎక్కువ. పెద్ద ఇంజను టెండరులో ఇరవై వేల లీటర్లకు పైగా నీళ్ళు పట్టేవి. బాయిలరులో కాగిన నీరు ఆవిరై, పిస్టనును తోసి, పొగగొట్టం గుండా బయటికి పోయేది. మళ్ళీ దొరికేది కాదు. అందుకని దారిలో అక్కడక్కడ ఆగి నీళ్ళు నింపుకోవాలి, బూడిద తీయాలి, బొగ్గు వేసుకోవాలి. బండి ఆగిన కొద్దీ ఊళ్ళో మనుషులకు పని దొరికేది. టీ కొట్టు, పూటకూళ్ళ ఇల్లు, కిరాణా దుకాణం, బడి ఇవన్నీ ఆగిన బండి చుట్టూ పెరిగినవే.

1920లలో కారేపల్లి నుంచి కొత్తగూడెం వైపు కూడా పట్టాలు వేశారు. ఇక్కడ ఒక భూగోళ విశేషం ఉంది. డోర్నకల్ వైపు పడిన వాన కృష్ణకు చేరుతుంది. కొత్తగూడెం, పాల్వంచల వైపు పడిన వాన కిన్నెరసానితో కలిసి గోదావరికి చేరుతుంది. ఈ చిన్న శాఖామార్గం రెండు మహానదుల పరీవాహక ప్రాంతాల మధ్య గట్టును దాటుతుంది. అదే దశాబ్దం చివర, 1929 నాటికి కాజీపేట, బల్లార్షాల మధ్య మార్గం పూర్తయింది. దాంతో ఢిల్లీ, మద్రాసు మధ్య నేరుగా రైలు దారి ఏర్పడింది. అప్పటిదాకా ఒక సంస్థానపు బొగ్గు జంక్షన్‌గా ఉన్న డోర్నకల్ దేశపు ఉత్తర దక్షిణాలను కలిపే ప్రధాన మార్గం మీద నిలిచింది.

రైలు కొందరి బతుకు తీసుకుంది

డోర్నకల్ చుట్టుపక్కల లంబాడా తండాలు చాలా ఉన్నాయి. ఈ సంగతికీ రైలుకూ ఒక సంబంధం ఉంది. రైలు రాకముందు దక్కనులో సరుకు రవాణా చేసింది బంజారాలే. తీరం నుంచి ఉప్పు, లోపలి ప్రాంతాల నుంచి ధాన్యం వేలాది ఎద్దుల వీపుల మీద వేసుకుని బిడారులుగా కదిలేవారు. సైన్యాలకు తిండిగింజలు అందించింది కూడా వారే. ఏ దారిలో నీళ్ళున్నాయో, ఎక్కడ మేత దొరుకుతుందో వారికి తెలిసినంతగా మరొకరికి తెలియదు.

ఎద్దు వీపు మీద మోసే బరువుకూ, ఒక గూడ్సు బండి మోసే బరువుకూ పోలిక లేదు. రైలు విస్తరించిన కొద్దీ బిడారులకు పని పోయింది. సంచార వర్తకులు క్రమంగా తండాల్లో స్థిరపడి, వ్యవసాయం, పశుపోషణ, కూలి పనుల వైపు మళ్ళారు. పైగా 1871లో వచ్చిన నేరస్థ తెగల చట్టం వంటివి సంచార జీవితాన్నే అనుమానంగా చూశాయి. రైలు వల్ల ప్రయాణం సులభమైందని మనం పాఠాల్లో చదువుతాం. అది నిజమే. దారుల గురించి అంత తెలిసినవారు దారి పక్కనే మిగిలిపోయారన్నదీ నిజమే. రెండింటినీ కలిపి చదివితేనే చరిత్ర పూర్తవుతుంది.

రైలు కొత్తవారిని కూడా తెచ్చింది. తమిళదేశంలోని తిరునెల్వేలి ప్రాంతంలో 1874లో పుట్టిన వి. ఎస్. అజరయ్య 1909లో క్రైస్తవ సేవ కోసం డోర్నకల్ వచ్చారు. 1912 డిసెంబరులో కలకత్తాలో ఆయనకు బిషప్ పదవి లభించింది. ఆంగ్లికన్ చర్చిలో ఆ పదవి పొందిన మొదటి భారతీయుడు ఆయనే. ఆయన పీఠం మద్రాసులోనో కలకత్తాలోనో కాక ఈ చిన్న ఊళ్ళో ఏర్పడింది. 1939లో ప్రతిష్ఠ జరిగిన ఇక్కడి ఎపిఫనీ కెథెడ్రల్‌లో గుడి మండపాన్ని తలపించే స్తంభాలు, మసీదును గుర్తుచేసే గుమ్మటాలు కలిసి కనిపిస్తాయి. మూడు దిక్కుల పట్టాలు కలిసిన ఊళ్ళో మూడు నిర్మాణ సంప్రదాయాలూ కలిశాయి.

రైళ్ళు ఆగడం మానేస్తే?

ఇప్పుడు అసలు చిక్కు ప్రశ్నకు వద్దాం. రైళ్ళు ఆగడం వల్ల పెరిగిన ఊరు, అవి ఆగకపోతే ఏమవుతుంది?

డీజిల్ ఇంజనుకు దారిలో నీళ్ళు నింపే పని లేదు. విద్యుత్ ఇంజనుకు ఇంధనం మోసే పని కూడా లేదు, పైతీగ నుంచి తీసుకుంటుంది. ఈ మార్గంలో విద్యుదీకరణ 1980ల రెండో సగంలో జరిగింది. 1990ల మధ్యకు దేశంలో బ్రాడ్‌గేజి మార్గాల మీద ఆవిరి ఇంజన్ల కాలం ముగిసింది. బొగ్గు రవాణా పద్ధతి కూడా మారింది. వ్యాగన్లను ఒక్కొక్కటిగా విడదీసి కలిపే పని తగ్గి, గని నుంచి విద్యుత్కేంద్రం దాకా మొత్తం బండి ఒకటిగా వెళ్ళే పద్ధతి వచ్చింది. సిగ్నళ్ళు, పాయింట్లు ఒకే గదిలోని బల్ల ముందు కూర్చుని మార్చే వీలు కలిగింది.

ఈ మార్పులు ఒక్కొక్కటీ మంచివే. వేగం పెరిగింది, ప్రమాదాలు తగ్గాయి, మనిషి ఎండలో చేసే కష్టం తగ్గింది. అయితే అన్నీ కలిసి చిన్న జంక్షన్ ఊరిలో పనిని తగ్గించాయి. రైళ్ళ సంఖ్య పెరిగింది, ఆగే అవసరం తగ్గింది. పట్టాల మీద రద్దీ ఎంత పెరిగినా ఊళ్ళో ఉపాధి పెరగకపోవచ్చు. మీరు ఎకనామిక్స్ చదివేవారైతే ఈ తేడాను గుర్తుంచుకోండి. దేశంలో ఇలాంటి రైల్వే ఊళ్ళు చాలా ఉన్నాయి.

డోర్నకల్‌కు కొన్ని ఆధారాలు మిగిలాయి. కొత్తగూడెం, మణుగూరు వైపు వెళ్ళే రైళ్ళకు ఇదే మలుపు. చుట్టూ వరి, మిరప, పత్తి పండే పొలాలు ఉన్నాయి. 2018లో ఊరు పురపాలక సంఘమైంది. ఇకముందు ఈ ఊరు ఎలా బతుకుతుందన్నది రైల్వే ఒక్కటే తేల్చే విషయం కాదు. చుట్టుపక్కల పల్లెలకు అది ఎలాంటి బడిని, ఆసుపత్రిని, అంగడిని ఇవ్వగలదన్న దాని మీద ఆధారపడి ఉంటుంది.

నీరు మళ్ళీ గుర్తుచేసింది

మొదట చెప్పుకున్న వాలు పాఠాన్ని ప్రకృతి 2024లో మళ్ళీ చెప్పింది. ఆ ఏడాది సెప్టెంబరు 1న ఈ జిల్లాలో అతి భారీ వర్షాలు కురిశాయి. ఆకేరు, మున్నేరు పొంగాయి. వరంగల్, మహబూబాబాద్‌ల మధ్య ఇంటికన్నె, కేసముద్రం స్టేషన్ల దగ్గర పట్టాల కింది కంకర, మట్టి కొట్టుకుపోయి పట్టాలు గాలిలో వేలాడాయి. ఢిల్లీ, చెన్నైల మధ్య తిరిగే ఎన్నో రైళ్ళు ఆగిపోయాయి, మరికొన్ని దారి మళ్ళాయి. వందలమంది కార్మికులు రాత్రింబగళ్ళు పనిచేసి కొద్ది రోజుల్లో మార్గాన్ని సరిచేశారు.

ఎందుకిలా జరుగుతుంది? రైలు కట్ట చూడడానికి చెరువు కట్టలాగే ఉంటుంది. వాన నీరు వాలు వెంట వచ్చి దానికి అడ్డం తగులుతుంది. కట్ట కింద తూములు, వంతెనలు నీళ్ళు పోయేంత వెడల్పుగా ఉంటే సరి. అంతకు మించిన వాన పడితే నీరు ఒక పక్క పేరుకుని, కట్ట మీదుగా పొంగి, అవతలి వైపు మట్టిని కోసేస్తుంది. ఈ మార్గంలో మూడో లైను నిర్మాణం చేపట్టారు. కొత్త కట్టల కింద ఎంత నీటికి దారి వదలాలన్నది అందువల్ల చాలా ముఖ్యమైన ప్రశ్న. దానికి జవాబు చెప్పవలసిన ఇంజనీర్లు మీలోనే ఉండవచ్చు.

సంగ్రహంగా

డోర్నకల్ కథలో నాలుగు విషయాలు చూశాం. నేల వాలు రైలుకు దారి చూపింది. పాతిక కిలోమీటర్ల దూరంలోని బొగ్గు ఆ దారిని చీల్చింది. లండనులో, హైదరాబాదులో కుదిరిన ఒప్పందాలు దానికి డబ్బు సమకూర్చాయి, ఆ భారం రైతు మీదా పడింది. ఆవిరి ఇంజను ఆగడం వల్ల ఊరు పెరిగింది, ఆ ఇంజను పోయాక ఊరు తన బతుకుదెరువును కొత్తగా వెతుక్కోవలసి వచ్చింది. ఊరి భవిష్యత్తును మార్చిన నిర్ణయాలు చాలావరకు ఊరి బయటే జరిగాయి. కాబట్టే ప్రశ్నలు అడగడం ఊరివాళ్ళకు అవసరం.

మీరు చేయండి

మీ ఊరికి దగ్గర్లోని రైల్వే స్టేషనుకు వెళ్ళండి. పట్టాలు దాటకుండా, ప్లాట్‌ఫారం మీదే నిలబడి గమనించండి. పసుపు బోర్డు కింది భాగంలో సముద్రమట్టం నుంచి ఆ స్టేషను ఎత్తు రాసి ఉంటుంది. దాన్ని రాసుకోండి. పక్క స్టేషను ఎత్తుతో, దూరంతో పోల్చి వాలు లెక్క కట్టండి. తరువాత ఊళ్ళోని పెద్దవారి దగ్గర కూర్చుని మూడు ప్రశ్నలు అడగండి. ఇక్కడ రైలు మొదట ఏ సరుకు కోసం ఆగింది? ఆ సరుకు ఇప్పుడు ఏమైంది? రైలు వచ్చినప్పుడు ఎవరికి పని దొరికింది, ఎవరికి పోయింది?

వారు చెప్పింది తేదీలతో సహా ఒక నోటుపుస్తకంలో రాయండి. మీ ఊరి చరిత్ర ఇంకా ఎవరూ రాసి ఉండకపోవచ్చు. ఆ మొదటి పేజీ మీ చేతిరాతలోనే మొదలుకావచ్చు.